సేవా? విధేయతా?

మార్త వంటపనితో సతమతమవుతుంటే మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింటున్న ఉదంతం లూకా సువార్త పదో అధ్యాయంలో చదివినప్పుడల్లా మనలో చాలామందికి మార్త మీదే జాలి కలుగుతుంది. మరి వంట ఎవరు చెయ్యాలి? నిజానికి ప్రభువు తప్పుపట్టింది వంటను కాదు, వినడానికి తీరికలేని ఆ హడావుడిని.

మంచిపనిని కూడా ఆపగలిగిన మనిషి మన ఒంగోలు చరిత్రలోనే ఉన్నాడు. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. బాప్తిస్మం అడిగినవారు ఎందరున్నా కరవు సహాయం సాగుతున్నంతకాలం ఇవ్వలేదు. తిండిగింజల కోసం పుట్టే విశ్వాసం ఆయనకు అక్కర్లేదు. సహాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీకి అంతకన్నా మంచిపని ఏముంది? దాన్నే ఆయన ఆపి ఉంచాడు. విధేయత అంటే అదేననిపిస్తుంది.

ఇక్కడ క్లైడ్ నార్త్‌లో మనకు డ్యూటీలు, చర్చి కమిటీలు, స్వదేశంలోని వృద్ధాశ్రమాలకు చందాలు. అన్నీ మంచివే. కాని కన్నవారికి చెందవలసింది దేవునికి అర్పితమని తప్పించుకునేవారిని ప్రభువు మందలించాడని మార్కు సువార్త ఏడో అధ్యాయం చెబుతోంది. ఊళ్ళో అమ్మ ఫోను కోసం ఎదురుచూస్తుంటే మనం చందాల మీటింగులో ఉంటే? తల్లిదండ్రులను సన్మానించడం ఆజ్ఞ. కమిటీ మనం ఎంచుకున్నది. ఎంచుకున్నదానికి చప్పట్లుంటాయి, ఆజ్ఞకు ఉండవు.

రోగి చెప్పేది వినకుండా రాసిన మందు ఎంత ఖరీదైనదైనా వైద్యం కాదని వైద్యవృత్తిలో ఉన్న మాకు తెలుసు. చేస్తున్న మంచిపనిని ఒక్క వారం ఆపమంటే ఆపగలమా? లేకపోతే, అది ఎవరి కోసం చేస్తున్నామో ఆలోచించుకోవాలి.