ఐబూ పరదా

తప్పును మేమూ తప్పే అంటాం. కాని తప్పు చేసినవాణ్ని రక్తపరీక్షకు పోనీకుండా అడ్డంపడే హక్కు మాకెవరిచ్చారు?

పాలమూరు నుంచి బొంబాయికీ పూణేకూ వలసపోయినవాళ్లలో వడ్డేపల్లి వైపు సాయిబులమూ ఉన్నాం. అక్కడెక్కడో ఒక రాత్రి. తిరిగొచ్చాక భయం. గుసుల్ చేస్తాం, తౌబా చేస్తాం. పరీక్షకు మాత్రం పోం. ‘సాయిబు కొడుక్కి ఆ రోగమట’ అంటారని. మాలో ఒకడి రోగం మా అందరి పేరైపోతుందని.

తౌబా అల్లాతో లెక్క. రక్తం లెక్క వేరు. హెచ్.ఐ.వి. సోకిన వెంటనే పరీక్షలో కనబడదు. మూడు నెలలకు మళ్లీ చేయించుకుంటేనే మనసు కుదుటపడేది. 72 గంటల్లోపు మందులు మొదలుపెడితే సోకకుండా ఆపే వీలుంది. సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమవుతుంది. సర్కారు ఐ.సి.టి.సి.ల్లో పరీక్ష ఉచితం. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదనీ, ఫలితం బయటపెట్టరాదనీ 2017 చట్టం.

ఎదుటివాడి ఐబుకు పరదా కప్పమన్నారు మా పెద్దలు. ఆ పరదా ఊరి నాలుకలకు. పడక పంచుకునే బీబీ కళ్లకు కాదు. ఏ తప్పూ చెయ్యని ఆమెకు తెలుసుకునే హక్కుంది. ఊరు నోరు మూస్తే అతను పరీక్షకు పోతాడు. అతను పోతే ఆమెకు ముప్పు తగ్గుతుంది. మరి అతన్ని ఆపుతున్నది రోగమా, మేమా?