చెలమలో వంతు

ఈ వేసవి సెలవుల్లో పాడేరు నుంచి జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగికి కొండదారుల్లో సైకిళ్లపై వెళ్దామని ఆరుగురం అనుకున్నాం. గుడారం, పంపు, పంక్చరు సామాను, బియ్యం రాసుకున్నాం.

"నీళ్లకేం మాస్టారూ, గెడ్డలున్నాయిగా" అన్నాడొక కుర్రాడు.

మే నెలలో చాలా గెడ్డలు ఎండిపోతాయి. ఆడవాళ్లు ఇసుకలో చెలమ తీసి, నీరూరేదాకా కూర్చుని తోడుకుంటారు. మాకు తలా 5 లీటర్లంటే 30 లీటర్లు. అంటే ఒక ఇంటికి దక్కాల్సిన రెండు బిందెలు.

"మనమూ ఆదివాసులమేగా, అడగాలా?"

అడగాలి. కొండ మనందరిదీ కావచ్చు. కానీ తెల్లవారకముందే వచ్చి కూర్చున్న తల్లి వంతు ఆమెదే. మనవాళ్లమన్న చనువు ఆ వంతును దాటనివ్వదు.

అందుకే మండల కేంద్రాల్లోనే సీసాలు నింపుకోవాలని రాసుకున్నాం. ఊరు కనబడగానే సైకిలు దిగి అడగాలని, లేవంటే నొచ్చుకోకుండా సాగిపోవాలని కూడా.