తాత అప్పు, మనవడి పద్దు

అప్పు విషయంలో మన స్మృతికారులు చాలా పట్టింపు గలవాళ్ళు. తండ్రి చేసిన అప్పును కొడుకు తనదిగా ఎంచి వడ్డీతో సహా తీర్చాలన్నారు. తాత చేసిన అప్పయితే మనవడు అసలు కడితే చాలు. మునిమనవడికి ఆ బరువు కూడా లేదు. వీటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. తండ్రి తాగుడుకో, జూదానికో అప్పు చేసి ఉంటే కొడుకు దాన్ని చెల్లించనక్కర లేదు. అవ్యావహారిక ఋణం అన్న ఈ మినహాయింపు బ్రిటిషు కాలపు కోర్టుల్లోనూ, ఆ తర్వాతా చాలాకాలం చెల్లుబాటయింది. అప్పిచ్చినవాడు కుటుంబం భూమి మీద దావా వేస్తే, ఆ సొమ్ము ఎందుకు ఖర్చయిందో రుజువు చేసి కొడుకు బయటపడే వీలుండేది.

2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. అదే ఆరో సెక్షన్‌లో అంతగా ఎవరి కంటా పడని నిబంధన ఒకటుంది. ఆ సవరణ తర్వాత చేసిన అప్పులకు, కేవలం ధర్మబాధ్యత పేరు చెప్పి కొడుకు మీదికి గాని, మనవడి మీదికి గాని కోర్టుకు పోవటానికి వీల్లేదు. ఈనాడు చింతామణిలో ఒక రైతు అప్పు తీరకుండా పోతే, అతను విడిచిన ఆస్తి మేరకు బ్యాంకు అడగగలదు. మనవడి సొంత సంపాదన జోలికి పోలేదు. (మనవడు జామీను సంతకం పెట్టి ఉంటే అది వేరే సంగతి.)

ఇళ్ళలో మనవళ్ళకు ఈ విముక్తి దొరికిన కాలంలోనే ఇంకొక తాతను కట్టడి చెయ్యవలసి వచ్చింది. ఆ తాత ప్రభుత్వం. గడువు తీరిన బాండును కొత్త బాండు అమ్మి తీరుస్తాడు. కనుక ఆ మనవడు అసలు కట్టేది తక్కువ, వడ్డీ మాత్రం తరతరాలుగా కడుతూనే ఉంటాడు. స్మృతి చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

ఈ కట్టడిలో మన కర్ణాటకే అన్ని రాష్ట్రాలకన్నా ముందు నడిచింది. ఎస్.ఎం.కృష్ణ ముఖ్యమంత్రిగా ఉండగా 2002లో ఆర్థిక బాధ్యత చట్టం చేశారు. కేంద్రం చట్టం 2003లో వచ్చింది. 2006 మార్చి నాటికి రెవెన్యూ లోటు పోవాలి, ద్రవ్యలోటు రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం దాటరాదు, 2015 మార్చి నాటికి మొత్తం బాకీ 25 శాతం లోపు ఉండాలి. ఇవీ మన చట్టం గీసిన గీతలు. రెవెన్యూ లోటు గడువుకు ముందే, 2004-05లోనే పోయింది. కోవిడ్ వచ్చేదాకా ఆ మిగులు నిలిచింది కూడా. పొగడవలసిన చోట పొగడాలి కదా.

ఇప్పుడు 2025-26 బడ్జెట్ అంచనాలు చూడండి. ద్రవ్యలోటు 2.95 శాతం, మొత్తం బాకీ 24.91 శాతం. చట్టం ప్రకారం ఇందులో తప్పు లేదు. కాని ఓవర్‌డ్రాఫ్టు ఖాతా లిమిటుకు కూతవేటు దూరంలో ఏళ్ళ తరబడి నిలబడితే మేనేజరైనవాడు ఆ పార్టీని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాడు. లిమిటు దాటలేదుగా అని ఊరుకోడు.

ఏమని మాట్లాడతాడు? సొమ్ము ఎందుకు వాడుతున్నావని అడుగుతాడు. స్మృతి అడిగింది కూడా అదే. మన కొత్త చట్టం ఎక్కువగా ఎంత అని అడుగుతుంది, ఎందుకు అని అడిగేది కొంచెమే. ఆ కొంచెం కూడా రెవెన్యూ ఖర్చు, మూలధన ఖర్చు అన్న విభజన రూపంలో. తినటానికి తెచ్చిన అప్పు చెడ్డది, కట్టటానికి తెచ్చినది మంచిది అన్న లెక్క అది. కామర్సు పాఠంలో ఇది చక్కగా నిలబడుతుంది. బాగేపల్లి పల్లెల్లో పెట్టి చూస్తే తడబడుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త గౌరవ వేతనం ఈ లెక్కలో తిండి ఖర్చు. ఆమె చేతి గుడ్డు తిని పెరిగే పిల్ల రేపు పన్ను కట్టే మనిషి అవుతుందన్న సంగతి పద్దులో కనబడదు. ఎత్తినహొళె పథకం మాత్రం నిఖార్సయిన మూలధనం. 2014లో చిక్కబళ్ళాపురంలో శంకుస్థాపన చేసేనాటికి దాని అంచనా 12,912 కోట్లు. 2023లో సవరించిన అంచనా 23,251 కోట్లు. 2024 సెప్టెంబరులో సకలేశపుర దగ్గర పంపులు తిప్పారు. అప్పటికి మన చెరువులకు చుక్క చేరలేదు. నీళ్ళు వస్తే మనవళ్ళు ఆ వడ్డీ సంతోషంగానే కడతారు. రాకపోతే? పద్దులో అప్పుడు కూడా అది మూలధనమే.

గృహలక్ష్మి కింద నెలకు రెండు వేలు తీసుకునే ఆడమనిషిని వేలెత్తి చూపేవాళ్ళు నాకు నచ్చరు. 2025-26లో అయిదు గ్యారంటీలకూ కలిపి 51 వేల కోట్లకు పైగా కేటాయించారు. అదే ఏడాది రెవెన్యూ లోటు అంచనా 19 వేల కోట్లకు పైచిలుకు. అంటే రోజువారీ ఖర్చులో కొంత అప్పు మీద నడుస్తున్నది. అది ఆమెకిచ్చిన సొమ్మే ఎందుకు కావాలి, ఇంకెవరికో ఇచ్చిన రాయితీ ఎందుకు కాకూడదు? ఆకలికి చేసిన అప్పును ఏ స్మృతీ అవ్యావహారికం అనలేదు.

ఈ నేలకు ఆ సంగతి బాగా తెలుసు. 1876-78 కరువు మైసూరు రాజ్యంలో మన కోలారు వైపునే ఘోరంగా దెబ్బతీసింది. 1881లో రాజ్యం ఒడయరుకు తిరిగొచ్చినప్పుడు దానితోపాటు ఇంచుమించు 80 లక్షల కరువు అప్పు కూడా వచ్చింది. దివాన్ రంగాచార్లు ఖర్చులు కోసి నెగ్గుకొచ్చాడు. గంజి కేంద్రాల కోసం అప్పెందుకు చేశారని ఆ తర్వాతి తరం అడగగలదా? అడగటానికి ఆ తరం మిగలాలి గదా. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కర్ణాటక సభలో చట్టాన్ని సవరించి, ఆ ఏడాదికి 3 శాతం పరిమితిని 5 చేసుకుంది. అదేదో నియమభంగమని కొందరన్నారు. నాకు అలా తోచదు. అందరి ఎదుటా ఇదీ కారణం అని చెప్పి గీతను జరపటం అది.

నాకు కోపం తెప్పించేది గీతను జరపకుండా దాని కింద నుంచి దూరటం. మార్చి నెలాఖరున పల్లె బ్యాంకుల్లో జరిగే తంతు మీకు తెలుసు. రైతు రెండు రోజుల కోసం బయటివాడి దగ్గర చేబదులు తెచ్చి పంట రుణం కడతాడు, మూడో రోజు కొంచెం పెంచిన లిమిటుతో తిరిగి తీసుకుంటాడు. పుస్తకం శుభ్రంగా ఉంటుంది, చేబదులు ఇచ్చినవాడు మధ్యలో రెండు రోజుల వడ్డీ నొల్లుకుంటాడు. ప్రభుత్వాలు చేసేదీ ఇదే. ఆహార సబ్సిడీ సొమ్మును కేంద్రం బడ్జెట్‌లో చూపకుండా ఆహార సంస్థ చేత చిన్న పొదుపుల నిధి నుంచి ఏళ్ళపాటు అప్పు చేయించింది, 2021లో దాన్ని పద్దులోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పెట్టిన రాష్ట్రాభివృద్ధి సంస్థ మద్యం ఆదాయం చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది. తాగుడుకు చేసిన అప్పు కొడుకు తీర్చనక్కర లేదన్న స్మృతికారుడికి, జనం రేపు తాగబోయే తాగుడు మీద చేసే అప్పు ఊహకు కూడా అంది ఉండదు! కర్ణాటక ఈ ఒక్క విషయంలో నయం. బడ్జెట్ నుంచి తీర్చవలసిన కార్పొరేషన్ల అప్పులను కూడా మొత్తం బాకీలో కలపాలని తర్వాతి సవరణలో రాసుకుంది.

ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనబడేది శాతం కాదు. ఏటా బడ్జెట్‌తోపాటు మధ్యకాలిక ఆర్థిక ప్రణాళికను సభ ముందు పెట్టాలన్న షరతు. ఎంత తెచ్చాం, ఎందుకు తెచ్చాం, ఎలా తీరుస్తాం అని కాగితం మీద చెప్పించే చోటు అదొక్కటే. చట్టాన్ని మీరితే శిక్ష లేదు, చేసిన చేతితోనే మార్చుకోవచ్చు. కనుక దాని బలమంతా ఆ కాగితాన్ని చదివి అడిగేవాళ్ళ మీద ఉంది. పాతకాలపు కొడుకు కోర్టుకెక్కి తండ్రి అప్పును ప్రశ్నించగలిగాడు. ఈ అప్పు కట్టబోయే మనవళ్ళలో చాలామంది ఇంకా పుట్టలేదు, వాళ్ళ తరఫున నిలబడవలసినవాళ్ళు విధానసౌధలో కూర్చున్న మన ప్రతినిధులు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సభ్యులు ముగ్గురూ వచ్చే బడ్జెట్ సమావేశంలో ఎత్తినహొళె అప్పు మీద ఒక్క ప్రశ్న వెయ్యవచ్చు. ఇంతవరకు ఎంత వడ్డీ కట్టాం, మా చెరువుకు నీళ్ళు ఏ నెలలో వస్తాయి? జవాబు ఏ భాషలో చెప్పినా మనకు అర్థమవుతుంది.