చిత్రగుప్తకి ఏమివ్వాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనే ఇద్దరు అమెరికన్లు తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి "నేనిలా చేస్తా" అంటారు, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాచిక ఒప్పుకుంటే అది జరిగినట్టే. గెలిచి లేచిపోవడం ఉండదు, కథ ఏళ్ళతరబడి సాగుతూనే ఉంటుంది. మేం ఆరుగురం రెండు మూడు వారాలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఎంవీపీ కాలనీలో ఒకరి ఫ్లాట్‌లో ఆడతాం. మా కథలో డాల్ఫిన్ నోస్ కొండ ఒక నిద్రపోతున్న డ్రాగన్ ముక్కు.

ఇంత పొడుగు కథని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఏ వర్తకుడికి ఎంత బాకీ, ఏ ముసలమ్మ ఏం శపించింది, ఎవరి సంచిలో ఏ ఉంగరం ఉంది. మాకు ఆ పని చేసేది గ్రూపులో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి. తనని చిత్రగుప్త అంటాం. మూడేళ్ళు, నాలుగు నోట్‌బుక్కులు. వచ్చే నెల 50వ సెషన్. తనకి ఏదైనా ఇద్దామని మిగతా ఐదుగురం తలా 500 వేసుకున్నాం. ఏం కొనాలో తేల్చే పని నా మీద పడింది.

మొదట తట్టినవి అందరికీ తట్టేవే. తోలు అట్ట నోట్‌బుక్, రాజమండ్రి రత్నం పెన్ను. ఆర్డర్ పెట్టబోతుంటే నా మొదటి జీతంతో అమ్మకి మిక్సీ కొన్న సంగతి గుర్తొచ్చింది. అమ్మ చాలా సంతోషించింది. ఆ సాయంత్రమే మా అందరికీ గారెలకి పప్పు రుబ్బింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మిక్సీ అమ్మకిచ్చానా, నాకే ఇచ్చుకున్నానా? పెన్ను కూడా అంతే కదా. ఇన్నాళ్ళూ రాశావు, థాంక్స్, ఇకమీదటా నువ్వే రాయి అని.

మాలో ఒకడు, నాలాగే సాఫ్ట్‌వేర్, మీటింగులు విని నోట్స్ రాసే ఏఐ యాప్ సబ్‌స్క్రిప్షన్ కొందామన్నాడు. "రాసే బాధ తప్పుతుంది కదరా." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మూడేళ్ళు ఒక పని చేసిన మనిషికి ఆ పని చేసే యంత్రాన్ని రంగుకాగితం చుట్టి ఇవ్వడమా! మా ఫీల్డులో ఈమధ్య అలాంటివి చాలామందికి అందుతున్నాయి. వాటిని బహుమతులని మాత్రం ఎవరూ అనట్లేదు.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే మనిషిని ఎప్పుడైనా గమనించారా? మండపం పక్కన చిన్న టేబులు, ఒక నోటుపుస్తకం, కవర్లు వేసుకునే సంచి. ఎవరో బాబాయిని, "నమ్మకమైన మనిషి ఉండాలి" అని అక్కడ కూర్చోబెడతారు. ఎవరెంత ఇచ్చారో ఆయన రాయకపోతే రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి మనం ఎంత పెట్టాలో తెలీదు. తాళి కట్టేటప్పుడు కూడా ఆయన చేతిలో ఎవరిదో కవరు ఉంటుంది. భోజనం ఆఖరి పంక్తిలో. ఫోటోల్లో ఉండడు. నమ్మకం అన్న మాటని చాలాసార్లు మనిషిని కుర్చీకి కట్టేయడానికి వాడతామేమో. ఆఫీసులో మీటింగ్ మినిట్స్ ఎవరు రాస్తారో చూసినా ఇదే కనిపిస్తుంది, ఎక్కువగా ఒక అమ్మాయే రాస్తూ కనిపిస్తుంది. మొదటి సెషన్‌లో "నీ హ్యాండ్‌రైటింగ్ బావుంటుంది" అంటూ పుస్తకం తన ముందుకు తోసింది నేనే. తను ఒప్పుకుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి కాదనలేదు, అంతే.

ఏదో సాకు చెప్పి నాలుగు నోట్‌బుక్కులూ తెచ్చుకుని చదివాను. నా మంత్రగాడు వేసిన వెర్రి జోకులతో సహా అన్నీ ఉన్నాయి. తన పాత్ర ఒక దొంగ. ఆ దొంగ ఒక్కతే డ్రాగన్ ముక్కురంధ్రంలోకి పాకి వెళ్ళి దీపం తెచ్చిన రోజు మాలో ఎవరం ఊపిరి తీసుకోలేదు. ఆ రోజు పేజీలో ఉన్నది ఒకటే వాక్యం: "దీపం దొరికింది." ఎవరికి దొరికిందో కూడా లేదు. తప్పు తనది కాదు. ఆడుతున్న మనిషి రాయలేదు కదా. అంటే తను బాగా ఆడిన చోటల్లా మా చరిత్రలో ఒక ఖాళీ ఉందన్నమాట.

తిక్కన లేఖకుడు కుమ్మరి గురునాథుడి కథ వినే ఉంటారు. భారతం చెబుతూ మధ్యలో ఆగకూడదని తిక్కన పంతం పట్టాడట. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతులు చెబుతున్న చోట మాట తోచక, ఏం చెప్పను గురునాథా అని లేఖకుణ్ణే అడిగాడట. గురునాథుడు అదీ రాసేశాడు. సంధి విడదీస్తే అది "కురునాథా" అవుతుంది, సంజయుడు రాజును పిలిచినట్టు సరిగ్గా అతుకుతుంది. జరిగిందో లేదో గానీ, లేఖకుడి చాతుర్యానికి మెచ్చుకోలుగా చెప్పుకునే కథ ఇది. నాకిప్పుడు వేరేగా వినిపిస్తోంది. అన్ని పర్వాలు రాసిన మనిషి పేరు పద్యంలోకి రావడానికి కవిగారు తడబడాల్సి వచ్చింది. వచ్చాక కూడా అది రాజుగారి పేరుగానే చెలామణీ అయింది.

నాన్న దగ్గర ఈ గొడవ ఎత్తాను. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి దగ్గర చేసేవారు. అంటే నది కాదు, బ్లాస్ట్ ఫర్నేస్. మన ప్లాంట్‌లో మొదటి రెండిటికీ నదుల పేర్లే, గోదావరి, కృష్ణ. షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్ రాయాలి. "అందులో మీ గురించి ఏముంటుంది?" అని అడిగాను. "నా గురించి ఎందుకురా? ఫర్నేస్ ఏం చేసిందో రాస్తాం. కింద సంతకం ఉంటుంది." ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, కాస్త గర్వమే ఉంది. నాకు పూర్తిగా ఎక్కలేదు. ఫర్నేస్‌కి చెయ్యి లేదు కాబట్టి నాన్న రాశారు. మా ఐదుగురికీ చేతులున్నాయి.

పోయిన ఆదివారం "ఇవాళ నువ్వు ఆడు, నేను రాస్తా" అన్నాను. తను పెన్ను ఇవ్వడానికి కాస్త తటపటాయించింది. ఆ తర్వాత మూడు గంటలు ఆ దొంగ మాట్లాడిన మాటలు అంతకుముందు మూడు నెలల్లో మాట్లాడలేదు. నేను ఇద్దరు వర్తకుల పేర్లు, ఒక శాపం వదిలేశాను. మురీ మిక్చర్ నూనె మరక ఒకటి అంటించాను. లేచేముందు తను పుస్తకం లాక్కుని చదివింది.

"నేను ఇలా అనలేదు."

"అన్నావు."

"అన్నాననుకో, రాయాలా? అయినా మీ గొడవలన్నిటికీ తీర్పు ఈ పుస్తకమే కదా, ఎవరి సంచిలో ఏముందో నేను చెప్తేనే ఉన్నట్టు. అది నన్ను వదులుకోమంటున్నావా?"

ఇది నాకు అసలు తట్టలేదు. జాలిపడి కుర్చీ లాగబోయాను. అది సింహాసనం కూడా కావచ్చని చూసుకోలేదు. అయినా సింహాసనం మీదున్న మనిషికి తన గురించి ఒక పేజీ కూడా లేదన్న మాట అలాగే ఉంది.

ప్రస్తుతానికి 2,500 నా దగ్గరే ఉన్నాయి. పెన్నే కొందామని ఒకడు ఇంకా అంటున్నాడు. ఈలోగా ఆ దొంగ ఇన్ని సెషన్లలో ఏం చేసిందో తలా కొంత గుర్తున్నంత మేరకు రాద్దామని, పుస్తకం తన చేతికిచ్చి నచ్చనిది కొట్టేయమందామని అనుకున్నాం. దీపం దగ్గర మొదలుపెట్టాం. అది నీలంగా వెలిగిందని నేనంటాను. ఇంకొకడు అసలు వెలగనేలేదంటాడు. నోట్‌బుక్‌లో చూద్దామంటే అందులో లేదు, తననే అడుగుదామంటే ఏం రాస్తున్నామో తెలిసిపోతుంది.