నీళ్లకి అమ్మాయే కావాలా?

తులుం శిథిలాల మధ్య ఎండ మాడు పగలగొడుతోంది. మెక్సికోలో, కరీబియన్ సముద్రపు అంచున, మాయా ప్రజలు గోడ చుట్టి కట్టుకున్న పట్టణం అది. 13వ శతాబ్దం నుంచి ఒక వెలుగు వెలిగింది. రాళ్లు చూసి చూసి అలసిపోయి, నేనూ మా అమ్మాయీ దగ్గర్లోని సెనోటేకి వెళ్లాం. సున్నపురాయి కప్పు కూలి, నేల కిందున్న నీళ్లు బయటపడ్డ గుహ. ఆ నేల మీద నదులు దాదాపు లేవు. మాయా వాళ్లకి తాగునీరూ దేవుళ్లూ ఇక్కడే.

లైఫ్ జాకెట్లు ఇస్తూ గైడ్ హుషారుగా చెప్పాడు, "కన్నెపిల్లల్ని ఇలాంటి వాటిలోనే తోసేవాళ్లు." అందరూ నవ్వారు. పదహారేళ్ల మా అమ్మాయి దిగబోతూ మెట్టు మీదే ఆగిపోయింది.

"నిజమేనా అమ్మా?"

బలులు నిజమే. చిచెన్ ఇట్సాలోని పవిత్ర సెనోటేలోంచి 1904 నుంచి ఎడ్వర్డ్ థాంప్సన్ తీయించిన ఎముకల్లో మగవాళ్లవీ, చిన్నపిల్లలవీ ఉన్నాయి. దాని దగ్గర్లోనే నేలలో దొరికిన 64 మంది పిల్లల ఎముకలకి డీఎన్ఏ పరీక్ష చేస్తే, అందరూ మగపిల్లలేనని 2024లో తేలింది. అయినా కథలో మాత్రం కన్నెపిల్లే. చచ్చిపోయిన మగపిల్లాడి మీద ఎవరూ అంత ముచ్చటగా కథ అల్లరెందుకని?

గైడ్‌ని తప్పుపట్టే అర్హత నాకుందా? చెరువు కట్ట నిలబడ్డానికి ప్రాణమిచ్చిన కోడలి కథ, కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము', ఏళ్ల తరబడి క్లాసులో పాఠంగా చెప్పాను. త్యాగం గురించి బాగా రాసిన వాళ్లకి మార్కులు బాగా వేశాను. ఆవిడనే ఎందుకు అడిగారని ఒక్క పిల్లా రాయలేదు. రాయమని నేనూ అడగలేదు. మా అమ్మాయికి అన్నం తినిపిస్తూ చెప్పిన కథల్లో అదీ ఒకటి.

తులుం దగ్గరే 'ఓయో నెగ్రో' అనే నీటి గుహలో 2007లో డైవర్లకి ఒక పిల్ల అస్థిపంజరం కనిపించింది. పన్నెండు వేల ఏళ్లకి పైమాటే. పదిహేను, పదహారేళ్లుంటాయి. సరైన తిండి లేక సన్నగా ఉండేది. అప్పటికే ఒక కాన్పు అయ్యుండొచ్చని కటి ఎముక చూసినవాళ్లు అన్నారు. అప్పట్లో పొడిగా ఉన్న ఆ గుహలో, చీకట్లో, బహుశా నీళ్లు వెతుక్కుంటూ పడిపోయింది. ఆ పిల్లని ఎవరూ బలివ్వలేదు. ఎవరికోసమూ ఆమె చావలేదు. అందుకేనేమో గైడ్ నోట ఆమె మాట రాలేదు. డైవర్లు పెట్టిన పేరు కూడా గ్రీకు జలకన్యల పేరు మీదే, 'నయా' అని.

ఇదంతా మెట్ల మీద కూర్చుని నాకు తెలిసినంత చెప్పాను. ముసలమ్మ సంగతి చెప్పేటప్పుడు మా అమ్మాయి నావైపు చూడలేదు.

"అయితే దిగొచ్చా, దిగకూడదా?" అంది చివరికి.

"నీకెలా అనిపిస్తోంది?"

జవాబు చెప్పకుండా మెల్లగా, అలికిడి కాకుండా నీళ్లలోకి జారింది. చన్నీళ్లు. అది ఈదుతున్నంతసేపూ పైకప్పు వేళ్ల మధ్య గబ్బిలాలు కదులుతూనే ఉన్నాయి. నేను మోకాలి లోతు దాకా దిగి అక్కడే నిలబడ్డాను.