జవాబు రాకపోతే

కువైట్ ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల మీద నా స్నేహితురాలు పరిశోధన చేస్తోంది. తను వాట్సాప్‌లో ప్రశ్న పంపుతుంది, వాళ్లు వీలున్నప్పుడు వాయిస్ మెసేజ్‌లో జవాబిస్తారు. జవాబు రానివాళ్లకి రెండు రోజులకోసారి తన పేరుతో గుర్తుచేసే ప్రోగ్రామ్ రాసిచ్చింది నేనే. ఇంజనీర్‌ని కదా, జవాబు రాకపోవడం నాకో ఎర్రర్.

మూడు రిమైండర్ల తర్వాత ఒకావిడ గుసగుసగా మెసేజ్ పెట్టింది. "ఏమనుకోవద్దమ్మా, ముసలామెకి బాలేదు, ఫోన్ ముట్టుకోలా. రేపు తప్పకుండా చెప్తా. నువ్వు అన్నం తిన్నావా?" (ఆవిడని అడిగే ఈ మాటలు రాస్తున్నాను.) గుర్తుచేసింది మనిషి కాదని అప్పటికి ఆవిడకి తెలీదు.

నీతి అంటే సూత్రాలూ హక్కులే కాదు, ఎదుటి మనిషి అవసరానికి స్పందించడం కూడా అని కరోల్ గిల్లిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్'లో వాదించింది. జోన్ ట్రాంటో 1993లో 'మోరల్ బౌండరీస్'లో ఆ చర్చని రాజకీయాల్లోకి లాగింది. సంరక్షణ భారం ఎవరి నెత్తిన పడుతోంది, ఎవరు తప్పించుకుంటున్నారు అని అడిగింది.

మా విషయంలో తప్పించుకుంటున్నది మేమే. ఇంటిపనివాళ్ల చేత రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదని, వారానికో సెలవివ్వాలని కువైట్‌లో 2015 నుంచి చట్టం ఉంది. అది అక్షరాలా అమలైనా మిగిలేదెంత? కాస్త నిద్ర, ఇంటికో ఫోను. ఆ ఫోన్లోనూ పిల్లాడి ఫీజు, అమ్మ మందులు. అదీ సంరక్షణే. ఆ మిగిలిన దాంట్లోంచి మేం వాటా అడిగాం. పైగా మమ్మల్ని సముదాయించే పని కూడా ఆవిడకే అప్పజెప్పాం.

"ఒప్పుకునే కదా చేరింది, ఇష్టంలేకపోతే మానేయొచ్చుగా" అనొచ్చు. రోజంతా కాదనడానికి వీల్లేని ఉద్యోగం చేసే మనిషికి, రాత్రి మాకు మాత్రం కాదని చెప్పడం అంత తేలికా? మొదట్లో ఒక్కసారి చెప్పిన 'సరే' అన్ని రాత్రులకీ సరిపోదు.

అలాగని ప్రాజెక్టు ఆపేద్దామంటే స్నేహితురాలు ఒప్పుకోలేదు. "మనం అడగడం మానేస్తే వాళ్లకి మేలు జరిగిపోతుందా? చెప్పుకోవాలని ఉన్నవాళ్లూ ఉన్నారు" అంది. అదీ నిజమే. అందుకని అడిగే పద్ధతి మార్చాం. ప్రోగ్రామ్ తీసేశాను. జవాబు రాకపోతే అదే ఆరోజు జవాబు అనుకుంటున్నాం.

రిమైండర్ల సంగతి చెప్పి, క్షమించమని తను ఆవిడకి సొంత గొంతుతో మెసేజ్ పెట్టింది. "జవాబు అక్కర్లేదక్కా. పెద్దామెకెలా ఉంది?" నాలుగు రోజులకి చాలా పెద్ద మెసేజ్ వచ్చింది. అందులో ముసలామె గురించే కాక, తన నడుంనొప్పి గురించీ చెప్పింది. దాన్ని డేటాలో చేర్చలేదు.