గడువుకు రెండు సెకన్ల ముందు

2017 ఆగస్టు 31. డెట్రాయిట్‌లో రాత్రి పదకొండు దాటింది. పన్నెండు కొట్టేలోపు జస్టిన్ వెర్లాండర్ ఒక్క మాట చెప్పాలి. సరే అంటే పదమూడేళ్లుగా తనదనుకున్న జట్టును వదిలి హ్యూస్టన్ వెళ్లాలి. ఆ వారమే హార్వీ తుఫాను ముంచేసిన హ్యూస్టన్! వద్దంటే, ఓటమి మీద ఓటమి తింటున్న డెట్రాయిట్ టైగర్స్‌లోనే ఉండిపోవచ్చు. జీతంలో ఒక్క డాలరు కూడా తగ్గదు. గడువుకు రెండు సెకన్లు మిగిలుండగా అతని 'సరే' అందిందని తర్వాత బేస్‌బాల్ లోకమంతా చెప్పుకుంది.

వెర్లాండర్ పిచ్చర్. క్రికెట్‌లో బౌలర్ లాంటివాడే, కాకపోతే ఐదు రోజులకోసారి బరిలోకి దిగుతాడు. దిగిన రోజు మాత్రం ఆట బరువు చాలావరకు అతని భుజం మీదే. 2011లో 24 గెలుపులు, 5 ఓటములు. ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, అత్యంత విలువైన ఆటగాడి అవార్డు రెండూ ఆ ఒక్క ఏడాదిలోనే ఇంటికి తెచ్చుకున్నాడు. 2013లో టైగర్స్ అతనితో ఏడేళ్లకు 18 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. 2017 నాటికి వయసు 34. జట్టు ఆ సీజన్‌లో 64 మ్యాచ్‌లు గెలిచి 98 ఓడింది. అతనికి ఇంకో రెండేళ్లు, ఏటా 2.8 కోట్ల డాలర్లు కట్టాలి. ఖర్చుకు వెనకాడకుండా జట్టును నిలబెట్టిన యజమాని మైక్ ఇలిచ్ ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు. (లిటిల్ సీజర్స్ పిజ్జాతో గడించిన ఇలిచ్ 1992లో టైగర్స్‌ను కొన్నది డామినోస్ పిజ్జా యజమాని దగ్గర. ఆ ఊరి బేస్‌బాల్‌కు అన్నం పెట్టింది పిజ్జాయే అనుకోవాలి.)

ఇలాంటప్పుడు లెక్కల పుస్తకం తడుముకోదు. అమ్మెయ్యమంటుంది. ఎలాగూ గెలవని జట్టుకు ఖరీదైన సీనియర్ ఎందుకు? గెలుపు అంచున ఉన్నవాళ్లకు అతన్నిచ్చి, బదులుగా నలుగురు కుర్రాళ్లను తెచ్చుకుంటే నాలుగేళ్లకు వాళ్లే జట్టవుతారు. వినడానికి ఎంత సబబుగా ఉందో!

అయితే ఆ ఖరీదు ఎక్కణ్నుంచి వచ్చిందో లెక్కల పుస్తకం చెప్పదు. అమెరికా బేస్‌బాల్‌లో ఒక కుర్రాడు పెద్ద లీగ్‌కు వచ్చాక ఆరేళ్ల సర్వీసు నిండితే గానీ తన ధర తాను బేరమాడుకోలేడు. మొదటి మూడేళ్లు చాలామందికి కనీస జీతమో, దానికి కాస్త అటూ ఇటో. స్వేచ్ఛ చేతికొచ్చేసరికి ముప్పై దగ్గరపడుతుంది. చేతిలో చేవ ఉన్నప్పుడు డబ్బు రాదు, డబ్బొచ్చేసరికి మోచెయ్యి మొరాయిస్తుంది. అందుకని ఆ ఒప్పందాల్లోని పెద్ద అంకెలు రేపటి ఆటకు పెట్టిన ధర మాత్రమే కావు. వాటిలో కొంత నిన్నటి ఆటకు తీర్చాల్సిన బాకీ. 'ఈ ముసలాడికి ఇన్ని కోట్లా' అని విసుక్కునే అభిమాని, పాతికేళ్ల వయసులో అతను ఎంత చవగ్గా ఆడిపెట్టాడో మరిచిపోతాడు. ట్రేడ్ అంటే ఆ బాకీని ఇంకొకరి నెత్తికెత్తడం.

ఈ బేరానికి రెండో వైపు కూడా డెట్రాయిట్‌కు తెలుసు. 1987 ఆగస్టులో కొనే చెయ్యి టైగర్స్‌దే. టైటిల్ వేటలో ఉన్న జట్టు, అట్లాంటా నుంచి 36 ఏళ్ల డాయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుని ఇరవై ఏళ్ల కుర్రాణ్ని ఇచ్చేసింది. అలెగ్జాండర్ తొమ్మిది మ్యాచ్‌లు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డివిజన్ చేజిక్కింది. అక్టోబరు దాకా అంతకు మించిన బేరం లేదు. ఆ వదులుకున్న కుర్రాడి పేరు జాన్ స్మోల్ట్జ్. మిషిగన్‌లోనే, లాన్సింగ్‌లో పెరిగినవాడు. అట్లాంటాలో రెండు దశాబ్దాలు ఆడి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. 2017లో ముసలి పిచ్చర్‌నిచ్చి కుర్రాళ్లను అడుగుతున్నప్పుడు డెట్రాయిట్ మనసులో ఎక్కడో ఈ పాత గాయం సలుపుతూ ఉండకపోదు.

మరి ఈసారి కుర్రాళ్ల వైపు నిలబడ్డ డెట్రాయిట్‌కు దక్కిందేమిటి? ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్ద ఆశ పెట్టుకున్న పిచ్చర్ ఫ్రాంక్లిన్ పెరెజ్ గాయాలతోనే నలిగిపోయాడు, పెద్ద లీగ్ గడప తొక్కలేదు. డాజ్ కామెరాన్ కొన్నాళ్లు ఆడి వెళ్లిపోయాడు. క్యాచర్ జేక్ రోజర్స్ ఒక్కడే నిలదొక్కుకున్నాడు. పైగా వెర్లాండర్ జీతంలో ఏటా 80 లక్షల డాలర్లు టైగర్సే కట్టింది. ఆ వెర్లాండర్ హ్యూస్టన్‌లో ఆ సీజన్ మిగిలిన ఐదు మ్యాచ్‌లూ గెలిచాడు. అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ మీద రెండు మ్యాచ్‌లలో 16 ఇన్నింగ్స్ విసిరి ఇచ్చింది ఒకే ఒక్క పరుగు. హ్యూస్టన్ తన తొలి వరల్డ్ సిరీస్ గెలిచింది. (ఏ బంతి వెయ్యాలో అవతలివాళ్లు చెప్పుకునే సైగలను ఆ ఏడాది ఆ జట్టు బ్యాటర్లు కెమెరాతో దొంగిలించారని తర్వాత తేలింది. వెర్లాండర్ విసిరిన బంతులకు ఆ మరక అంటదు గానీ టైటిల్‌కు అంటింది.) 2019లో, 2022లో మళ్లీ సై యంగ్ అవార్డు అతనిదే.

టైగర్స్ 2019లో 47 గెలిచి 114 ఓడింది. తిరిగి ప్లేఆఫ్ మొహం చూసింది 2024లో. ఆ ఏడాది జట్టును మోసిన తారిక్ స్కూబల్ ఈ ట్రేడ్‌లో వచ్చినవాడు కాదు, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో తొమ్మిదో రౌండ్‌లో తీసుకున్నవాడు. లెక్క చూసుకుంటే లెక్కల పుస్తకమే ఓడిపోయింది. అలాగని వెర్లాండర్‌ను అట్టే పెట్టుకుంటే ఏం ఒరిగేది? ఏటా ఓటములు ఏ ఐదారో తగ్గేవి.

అట్టే పెట్టుకుంటే ఏమవుతుందో చూపించడానికి అదే జట్టులో మరొకడున్నాడు, మిగెల్ కాబ్రెరా. 2012లో బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాట్‌తో జట్టుకు రాబట్టిన పరుగులు) మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు. అంతకు ముందు ఆ ఘనత సాధించింది 1967లో కార్ల్ యస్త్రెమ్‌స్కీ. పాత ఒప్పందానికి ఇంకా రెండేళ్లుండగానే, 2014లో, టైగర్స్ అతనికి మరో ఎనిమిదేళ్లకు 24.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఆ ఎనిమిదేళ్లు మొదలైంది 2016లో. 2017 నుంచే బ్యాట్ నెమ్మదించింది. 2018 జూన్‌లో బైసెప్ స్నాయువు తెగి సీజన్ 38 మ్యాచ్‌లతో ముగిసింది. ఆ జీతంతో, ఆ ఒంటితో ఉన్నవాణ్ని కొనే జట్టేది? కనుక ఉండిపోయాడు. జట్టు ఓడుతూనే ఉంది, ఏటా మూడు కోట్ల డాలర్లు పోతూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 23న మాత్రం టైగర్స్ సొంత మైదానం కొమెరికా పార్క్‌లో అతను మూడువేలవ హిట్ కొట్టాడు. మూడువేల హిట్లు, ఐదువందల హోమ్ రన్లు రెండూ ఉన్నవాళ్లు అంతదాకా ఆరుగురే. ఏడోవాడు తమ ఊరి చొక్కాతో, తమ కళ్లెదుట ఆ గీత దాటాడు. ఆ మధ్యాహ్నం స్టేడియంలో ఉన్నవాణ్ని 'ఈ హిట్‌కు ఎన్ని కోట్లయిందో తెలుసా' అని అడిగే ధైర్యం ఏ అకౌంటెంట్‌కు ఉంటుంది? బాకీ ఒక్కోసారి ఇలా కూడా తీరుతుంది.

డెట్రాయిట్ శివార్లలో, నోవైలోనో ట్రాయ్‌లోనో, కార్ల కంపెనీల ఉద్యోగాలతో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ గోడు కొత్త కాదు. అందులో హైదరాబాద్ జట్టు అభిమానులైతే డేవిడ్ వార్నర్ సంగతి వాళ్లకు చెప్పక్కర్లేదు. 2016లో 848 పరుగులు చేసి సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్. లాక్‌డౌన్‌లో 'బుట్టబొమ్మ'కు ఇంటిల్లిపాదితో చిందులేసి తెలుగిళ్లల్లో అల్లుడైపోయినవాడు. 2021లో జట్టు వరసగా ఓడుతుంటే సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, ఆ తర్వాతి మ్యాచ్‌కే జట్టులోంచీ తీసేశారు. కారణం ఎవరూ చెప్పలేదని వార్నరే బయటికి అన్నాడు. సన్‌రైజర్స్ 14 మ్యాచ్‌లలో 3 గెలిచి అట్టడుగున తేలింది. నెల తిరిగేసరికి టీ20 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా విజేత, 289 పరుగులతో టోర్నీ ఉత్తమ ఆటగాడు వార్నర్. పరుగులు తగ్గిన సీనియర్‌ను పక్కన పెట్టడం తప్పని ఎవరూ అనరు. జనానికి కడుపు మండింది పెట్టిన తీరుకు.

తేడా అక్కడే ఉంది. దున్నలేని ఎద్దును రైతు సంతకు తోలేటప్పుడు ఏడుస్తాడేమో గానీ, ఎద్దునైతే అడగడు. చాలా కాలం బేస్‌బాల్ ఆటగాడి బతుకూ అంతే. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండు సీజన్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు మార్చేశారు. ఆ సంగతి ఆయనకు తెలిసింది ఒక ఫోన్ కాల్‌తో. అప్పటికి ఆయన జీతం ఏడాదికి 90 వేల డాలర్లు, ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. అంత జీతం తీసుకుంటూ ఫిర్యాదేమిటన్నారు జనం. జీతం ఎంతైనా తాను కొని అమ్మే సరుకును కానని ఆ డిసెంబరు 24న కమిషనర్ బోవీ కూన్‌కు ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అయితే మరుసటి ఏడాది యజమానులూ ఆటగాళ్ల సంఘమూ ఒక నిబంధనకు ఒప్పుకున్నారు. పెద్ద లీగ్‌లో పదేళ్లు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఆడినవాణ్ని అతని సమ్మతి లేకుండా మార్చడానికి వీల్లేదు. ఆ ఏడాది డిసెంబరులోనే చికాగో కబ్స్ ఆటగాడు రాన్ శాంటో ఆ హక్కుతో కాలిఫోర్నియా వెళ్లనని తిప్పికొట్టాడు. ఫ్లడ్‌కు అది అక్కరకు రాలేదు. 1971లో వాషింగ్టన్ తరఫున 13 మ్యాచ్‌లు ఆడి అప్పటికే ఆట మానేశాడు.

వెర్లాండర్ ఆ రాత్రి గడియారం వైపు చూస్తూ కూర్చోగలిగింది ఆ నిబంధన వల్లే. ఇక ఓడుతున్న జట్టు ఖరీదైన సీనియర్‌ను అమ్ముకోవచ్చా? అమ్ముకోవచ్చు. గెలిచే వయసు మిగిలున్నవాణ్ని ఓటముల మధ్య కట్టిపడెయ్యడం కూడా ఒక రకం అన్యాయమే. కానీ వచ్చే కుర్రాళ్ల కోసమే అమ్ముతున్నామనుకుంటే డెట్రాయిట్ లెక్క ఒకసారి తీసి చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు అతన్ని అడగాలి, అడిగాక అతను వద్దంటే నోరు మూసుకుని జీతం కట్టాలి.

2018 సెప్టెంబరులో వెర్లాండర్ హ్యూస్టన్ చొక్కాతో మొదటిసారి కొమెరికా పార్క్‌కు వచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ మ్యాచ్ టైగర్స్ ఓడిపోయింది.